మడత బూరా
(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం నకారా గారి కేసును తలచుకోవడం ఆనవాయితీ. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పును గురించి, పెన్షను భిక్ష కాదు హక్కు అన్న విషయాన్ని గురించి నాకన్న ముందు మాట్లాడిన మిత్రులు విపులంగా చెప్పారు. డి.ఏ. బకాయిల సంగతి కూడా చెప్పారు. ఇక నాకు మిగిలింది ఈ తువ్వాలులో చుట్టి తెచ్చిన వస్తువే. ఉదయం నుంచి నలుగురైదుగురు దీన్ని చూసి "ఏందన్నా అది, గొడుగా?" అని అడిగారు. మన కార్యదర్శిగారు కూడా "దాని సంగతే నాలుగు మాటలు చెప్పండి, ప్రత్యేక సంచికలో వేస్తాం" అన్నారు. ఆయన మాట కాదనలేక నిలబడ్డాను. నేను ఇంజనీరును కాను. 1974లో టైపు లోయరు ప్యాసై తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరి, 2010లో సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. తప్పులుంటే సైన్సు మాష్టర్లు మన్నించాలి.

ఇది మడత బూరా. మడిస్తే తలుపు వెనక మేకుకు వేలాడుతుంది. విప్పితే మనిషి గొంతును మైకు లేకుండా, కరెంటు లేకుండా, బ్యాటరీ లేకుండా దూరం పంపుతుంది. అంతే. దీని మీద నేను పడ్డ శ్రమకు కారణం చెప్పాలంటే 1984కు పోవాలి.

మన జిల్లా తీరం వాళ్ళకు తుపాను కొత్త కాదు. 1927 నవంబరు నాటి గాలివాన గురించి మా తాత చెబుతుంటే పిల్లలం గుండెలు బిగబట్టి వినేవాళ్ళం. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చి దాదాపు పదివేలమంది పోయారు. అప్పటికి నాకు సర్వీసు మూడేళ్ళు. ఆ తర్వాతనే తీరం పొడుగునా తుపాను షెల్టర్లు కట్టడం, ముందుగా జనాన్ని తరలించడం అనేవి ప్రభుత్వానికి గట్టిగా పట్టాయి. తరలించడమంటే ముందు చెప్పాలి గదా. ఆ చెప్పే పనిలో చిట్టచివరి మనిషి ఎవరు? మద్రాసులో వాతావరణ శాఖవారు, హైదరాబాదులో సెక్రటేరియట్, నెల్లూరులో కలెక్టరుగారు, తాలూకాలో తహశీల్దారుగారు, వీళ్ళందరి నోట్లోంచీ దిగి దిగి వచ్చిన మాట చివరికి ఒక గుమాస్తా, ఒక తలయారి నోటికి చేరుతుంది. 1984లో ఆ గుమాస్తాను నేను.

ఆ ఏడు జనవరిలోనే కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. మండలాలు ఇంకా రాలేదు, అవి 1985లో గదా వచ్చింది. ఊళ్ళో పలుకుబడి గల పాత మనిషి లేడు, కొత్త మనిషి కుదురుకోలేదు. అందుచేత నవంబరు 13న తాలూకా ఆఫీసులో చేతికి దొరికిన వాళ్ళనల్లా తీరానికి పంపారు. నన్ను, ఒక తలయారిని జిల్లా దక్షిణాన బకింగ్‌హాం కాలువ గట్టు మీద దించి జీపు వెనక్కి పోయింది. ఊరి పేరు చెప్పను. ఇంకా ఆ కుటుంబాలవాళ్ళు ఉన్నారు.

జీపుకు మైకు ఉండేది. మధ్యాహ్నానికే దాని బ్యాటరీ అయిపోయింది. తలయారి దగ్గర తప్పెట ఉంది గాని వానకు తడిసి తోలు మెత్తబడి 'బొద్దు బొద్దు'మంటున్నది. ఇవతలి గట్టున ఉన్న పాళెంలో ఇంటింటికీ తిరిగి చెప్పాము. వాళ్ళు మూటలు కట్టుకున్నారు. కాలువ అవతల, ఉప్పు కొఠార్ల దగ్గర ఏడు గుడిసెలున్నాయి. దాటించే పడవవాడు అప్పటికే పడవను గట్టుకు లాగి కట్టేసి పోయాడు. నీళ్ళు పొంగుతున్నాయి. నేను గట్టు మీద నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకొని అరిచాను. తలయారి అరిచాడు. ఈశాన్యం గాలి మొహాన కొడుతున్నది. అవతల ఒక ఆడమనిషి బుట్ట దించి, చెయ్యి పైకెత్తి ఏదో అన్నది. "వస్తున్నాం" అన్నదని నేననుకున్నాను. తలయారి కూడా "విన్నారయ్యా, పోదాం పద" అన్నాడు. చీకటి పడుతున్నది. నాకూ భయంగానే ఉంది.

ఆఫీసుకు చేరి డైరీలో ఏడు గుడిసెల వారికి "తెలియజేయడమైనది" అని రాసి సంతకం పెట్టాను.

నవంబరు 14న ఆ తుపాను శ్రీహరికోట దగ్గర తీరం దాటింది. జిల్లాలో, పక్కనున్న తమిళనాడులో వందలమంది పోయారు. ఆ ఏడు గుడిసెల్లో అయిదు కుటుంబాలు సముద్రం రంగు చూసి తమంతట తామే ముందే వెళ్ళిపోయాయి. రెండు కుటుంబాలు మిగిలాయి. చనిపోయినవారి జాబితా రాసింది కూడా నేనే. కార్బన్ పేపర్లు పెట్టి మూడు ప్రతులు. అందులో ఆ గుడిసెలవాళ్ళ పేర్లు మూడు నా చేతిరాతలోనే ఉన్నాయి. ఆ ఆడమనిషి "ఏందీ?" అని అడిగి ఉంటుంది. "వినపడలా" అని ఉంటుంది. నాకు తెలియదు. నన్నెవరూ ఒక్కమాట అనలేదు, మెమో ఇవ్వలేదు. డైరీలో తెలియజేయడమైనది అని ఉంది గదా! కాగితం ప్రకారం సరిపోయింది. ఈ సంగతి ఇంట్లో తప్ప బయట చెప్పడం ఇదే మొదటిసారి.

అప్పటినుంచి గొంతు దూరం పోవడం ఎట్టా అన్నది నాకొక పిచ్చిగా పట్టుకున్నది. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఫిజిక్సు పుస్తకాలు తిరగేశాను. ఇంటర్మీడియట్ చదివిన కుర్రవాణ్ణి పట్టుకొని అర్థం చెప్పించుకున్నాను. నాకు అర్థమైనంతలో చెబుతాను.

మన నోరు చిన్నది, బయట గాలి విశాలమైనది. పుల్లతో నీళ్ళను నెడితే నీళ్ళు పక్కలకు జారిపోతాయి, పుల్ల ముందుకు పోతుంది. తెడ్డుతో నెడితే నీళ్ళు కదులుతాయి, పడవ కదులుతుంది. నోటి ముందు గాలి కూడా ఇట్టాగే జారిపోతుంది. మన బలంలో చాలా భాగం బయటి గాలికి అందదు. సన్నగా మొదలై క్రమంగా వెడల్పయ్యే గొట్టం పెడితే, సన్నని చోట మన ఊపిరి గట్టిగా పట్టు దొరికించుకొని, కొంచెం కొంచెంగా పెద్ద గాలికి ఆ బలాన్ని అప్పగిస్తుంది. అదొక లాభం. రెండవది, నాలుగు దిక్కులా చెదిరిపోయే శబ్దాన్ని ఒక దిక్కుకు మళ్ళిస్తుంది. నాదస్వరం చివర అనసు, కొమ్ముబూర వంపు, మన పిల్లలు చుట్టి ఊదే తాటాకు బూర, అన్నీ ఈ సూత్రం మీదవే.

దీన్ని మాట్లాడే గొట్టంగా ప్రచారంలోకి తెచ్చినవాడు ఇంగ్లండులో సర్ శామ్యూల్ మోర్లాండ్ అనే ఆయన, 1670 ప్రాంతంలో. మొదట గాజుతో చేయించాడట, తర్వాత ఇత్తడి, రాగి. ఓడల మీద దాన్ని వాడారు. ఆయనది ఇరవై అడుగులు మించిన గొట్టం కూడా ఒకటుంది. మోసేవాడికి దండం పెట్టాలి.

గొట్టం ఎంత వెడల్పుండాలి? శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. సెకనుకు 300 సార్లు కదిలే శబ్దానికి ఒక్కొక్క అల మీటరు పైచిలుకు పొడవు. గొట్టం మూతి చుట్టుకొలత దాదాపు ఆ అల పొడవుకు సమానంగా ఉంటే ఆ శబ్దానికీ, అంతకు పైనున్న సన్న శబ్దాలకూ గొట్టం బాగా సాయం చేస్తుంది. అంతకన్న బొంగురు శబ్దాలకు సాయం తక్కువ. మూతి అడ్డకొలత పద్నాలుగు అంగుళాలైతే చుట్టుకొలత నలభై నాలుగు అంగుళాలు, అంటే మీటరు పైన సుమారు పన్నెండు సెంటీమీటర్లు. మనకు అది చాలు. ఎందుకంటే మాటను మాటగా తెలియజేసేవి క, త, స వంటి హల్లులు. వాటి సత్తా అంతా వెయ్యి, అంతకు పైన కదలికల్లో ఉంటుంది. అచ్చులు ఊరకే కేక. ఆ రోజు అవతలి గట్టుకు నా కేక అందింది, హల్లులు అందలేదు. ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నెల్లూరులో రేకుల పనివాడి చేత రెండున్నర అడుగుల గొట్టం ఒకటి చేయించాను. నాలుగేళ్ళు అది మూలన పడి ఉంది. ఇల్లు మారినప్పుడల్లా మా ఇంటిది "దీన్నెక్కడ పెట్టమంటారు?" అని అడిగేది.

1989 నవంబరు. నేనప్పుడు కావలి ప్రాంతంలో ఒక మండలాఫీసులో ఉన్నాను. థాయిలాండు సింధుశాఖలో పుట్టిన తుపాను అది. 'గే' అని పేరు. అక్కడ నవంబరు 3న సీక్రెస్ట్ అనే చమురు తవ్వే ఓడను ముంచి 91 మందిని బలితీసుకొని, థాయిలాండును అడ్డంగా దాటి, మన బంగాళాఖాతంలోకి వచ్చి మళ్ళీ బలం పుంజుకున్నది. 8వ తేదీ రాత్రి తెల్లవారితే 9 అనగా కావలి దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 230 కిలోమీటర్ల పైచిలుకు. ఆ రాత్రి సంగతి ఈ సభలో కావలివాళ్ళు నాకన్న బాగా చెప్పగలరు. తాటిచెట్ల తలలు లేవు, రైలు పట్టాల పక్కన తంతి స్తంభాలు వరసగా పడుకొని ఉన్నాయి.

8వ తేదీ పగలు నేను నా రేకు గొట్టం తీసుకొని తుమ్మలపెంట వైపు ఒక పాళెం చేరాను. ఊరికి పడమర దిక్కున రోడ్డు మీద నిలబడి గొట్టం పెట్టి అరిచాను. ఒక్కరూ తల తిప్పలేదు. రెండు వందల గజాలు కూడా లేదు. ఇన్నేళ్ళ నా చదువంతా గంగపాలైందనుకున్నాను. వల మోసుకొస్తున్న ఒక ముసలాయన ఆగి చూసి, "ఆడ నిలబడి ఏం లాభం సామీ! గాలిని వీపున పెట్టుకొని పిలవాల" అన్నాడు. నన్ను ఊరి ఉత్తరపు కొసకు నడిపించాడు. గాలి ఉత్తరం, ఈశాన్యం మధ్య నుంచి కొడుతున్నది. అక్కడి నుంచి దక్షిణంగా పిలిస్తే ఊరి చివరి ఇంట్లోంచి మనిషి బయటకొచ్చాడు.

దీని కారణం తర్వాత తెలిసింది. గాలి నేల దగ్గర నెమ్మదిగా, పైకి పోయేకొద్దీ వేగంగా వీస్తుంది. గాలికి ఎదురుగా పోయే శబ్దం ఈ తేడా వల్ల పైకి వంగి, వినేవాడి తల మీదుగా పోతుంది. గాలివాటుగా పోయే శబ్దం కిందికి వంగి నేల మీదికే దిగుతుంది. స్టోక్స్ అనే ఆయన 1857లోనే దీన్ని రాశాడట. ఆ ముసలాయన స్టోక్సును చదవలేదు. మన తీరానికి తూర్పు నుంచి తుపాను వచ్చేటప్పుడు ముందుగాలి ఎక్కువగా ఉత్తరం, ఈశాన్యం దిక్కుల నుంచే ఉంటుంది గనుక, చెప్పదలచినవాడు ఊరికి ఉత్తరపు కొసన నిలబడాలి. 1984లో నేను పడమటి గట్టున నిలబడి ఈశాన్యం గాలికి ఎదురు అరిచాను. గొట్టమున్నా అంతే అయ్యేదేమో.

ఆ రోజు ఆ పాళెం జనమంతా బడికి చేరారు. కావలి తుపానుకు మన రాష్ట్రంలో పోయినవారు వందలోపే. 1977తో పోల్చి చూడండి. ఇది నా గొట్టం ఘనత కాదు. ముందుగా తరలించడం వల్ల, ఆ శాఖ ఈ శాఖ అని లేకుండా అందరూ పనిచేయడం వల్ల జరిగింది.

ఆ రేకు గొట్టం ఏమైందంటారా? మండలాఫీసులోనే వదిలి బదిలీ మీద వెళ్ళాను. మూడేళ్ళకు పనిమీద పోయి అడిగితే, కిరోసిను పోసుకోవడానికి గరాటు కావాలని ఎవరో తీసుకుపోయారన్నారు. పోయి చూశాను. మూతి కత్తిరించి, తుప్పు పట్టి, పీపా మీద బోర్లించి ఉంది. నాకు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. ఆలోచిస్తే ఆ మనిషి తప్పేమీ లేదు. ఏడాదికి ఒక్కరోజు పనికొచ్చే రెండున్నర అడుగుల రేకు సామాను ఎవరింట్లో మాత్రం చోటుంటుంది? అప్పుడు తెలిసింది, గొట్టానికి కావలసింది శబ్దం పెంచడం ఒక్కటే కాదు. కావలసిన రోజున అది ఇంట్లో ఉండాలి. ఉండాలంటే అడ్డం రాకూడదు. అడ్డం రాకూడదంటే మడవాలి.

ఆ తర్వాత పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద విరుచుకుపడింది. మా పెద్దవాడు అక్కడే ఉన్నాడు. కరెంటు లేదు, సెల్ టవర్లు పనిచేయలేదు. రెండు రోజులు వాడి గొంతు వినలేదు. ఓడరేవుల్లో ఎగరవేసే తుపాను సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయని మీకు తెలుసు, కృష్ణపట్నంలో మూడో నంబరు ఎగరేశారు, అయిదో నంబరు ఎగరేశారు అని పేపర్లో చదువుతుంటాము. పదో నంబరు మహా ప్రమాదం. పదకొండో నంబరు అంటే ఏమిటో తెలుసా? హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. పదికన్న పెద్దది అదే. ఆ రెండు రోజులూ మా ఇంట్లో పదకొండో నంబరు. నడవాలో కూర్చొని మళ్ళీ గొట్టం పని మొదలుపెట్టాను.

మొదట యాత్రలకు తీసుకుపోయే మడత గ్లాసు గుర్తొచ్చింది. ఒకదానిలో ఒకటి దూరే వలయాలతో చేయించాను. మూసినప్పుడు ముచ్చటగా ఉండేది. మైపాడు ఉప్పుగాలికి రెండు నెలల్లో వలయాలు పట్టేశాయి, లాగితే రావు. వచ్చినప్పుడేమో మాట్లాడితే గలగలమని రేకుల చప్పుడు. తర్వాత పాత గొడుగు చువ్వలకు గుడ్డ కుట్టించాను. గుడ్డలోంచి శబ్దం బయటికి జారిపోయింది. పైగా గాలి రాగానే తిరగబడింది, అసలు గొడుగులాగానే. మా మనవడు దాన్ని తల మీద పెట్టుకొని ఊరేగాడు. మూడోది ఎక్స్‌రే ఫిల్ములు అతికించి పొట్లం చుట్టినట్టు చుట్టడం. మా వీధిలో అందరి మోకాళ్ళ ఎక్స్‌రేలూ అయిపోయాయి. అది కొంత పనిచేసింది గాని మరీ పలచన, చేతిలో తపతపలాడింది.

చివరికి కుదిరింది ఇది. ఆరు రేకలు. ఒక్కొక్కటి ఇరవై ఎనిమిది అంగుళాల పొడవు, సన్న చివర అంగుళం వెడల్పు, రెండో చివర ఏడుంపావు. సన్న వైపు ఆరు అంగుళాల చుట్టుకొలత, పెద్ద వైపు నలభై మూడున్నర వస్తుంది. ఇందాక చెప్పిన లెక్కకు సరిపోయింది. రేకలకు వాడింది సన్‌ప్యాక్ షీటు, అంటే దుకాణాల వాళ్ళు, ఎన్నికలవాళ్ళు బోర్డులకు వాడే గుల్ల ప్లాస్టిక్కు. తడవదు, తుప్పు పట్టదు, బరువు లేదు, ఎన్నికలైన మర్నాడు కావలసినంత దొరుకుతుంది. ఈ నా బూరాలో మూడు పార్టీలవారూ ఉన్నారు. గుల్ల చారలు పొడవు దిక్కున వచ్చేటట్టు కోయాలి, అడ్డంగా కోస్తే వంగిపోతుంది.

రేకలను కలపడానికి పాత సైకిలు ట్యూబు పట్టీలు వేశాను. పంక్చరు సొల్యూషనుతో అంటించాను. మూడో రోజుకు అన్నీ ఊడివచ్చాయి. ఆ ప్లాస్టిక్కుకు ఏ జిగురూ సరిగా పట్టదని దుకాణంలో చెప్పారు. మైపాడులో వలలు అల్లే ఒకాయన దాన్ని చూసి "అంటిస్తే నిలబడదు, కుట్టాల" అని దబ్బనంతో, నైలాను వలదారంతో అరగంటలో కుట్టిచ్చాడు. డబ్బు తీసుకోలేదు. ట్యూబు పట్టీ లోపలివైపు ఉంటే కుట్ల రంధ్రాల్లోంచి శబ్దం కారదు. అయిదు చోట్ల కుట్టి ఆరో చోట వదిలేయాలి. అక్కడ ఒక రేకకు మూడు అంగుళాల పట్టీ అదనంగా ఉంచి, రెండోదాని లోపలికి దోపి, బయట తాడుతో ముడివేయాలి. విప్పితే ఆరు రేకలూ విసనకర్ర మడిచినట్టు ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. మొత్తం మందం రెండు వేళ్ళు.

ఇంతటితో అయిపోలేదు. ఆరు పలకల గొట్టం దానంతటది నిలబడదు, గాలికి నలిగి చప్పిడి అవుతుంది. అందుకని పెద్ద మూతికి మేదరివారు బుట్ట అంచుకు చుట్టే వెదురుబద్ద చుట్ట ఒకటి పెట్టాను. ఆరు మూలల్లో ఆరు వలదారపు ఉచ్చులున్నాయి, వాటిని చుట్టకు తగిలిస్తే మూతి బిగుస్తుంది. సన్న వైపు అడుగు తీసేసిన స్టీలు గ్లాసు. గ్లాసు అడుగు చుట్టూ రేకల చివర్లు చుట్టి ట్యూబు పట్టీతో బిగించాలి. పెదవులు గ్లాసు అంచుకు ఆనించి మాట్లాడాలి, మధ్యలో సందు ఉండకూడదు. మొత్తం బరువు అర కిలో లోపే. నాకు విప్పి బిగించడానికి మూడు నిమిషాలు పడుతుంది, చేతులు వణకని వారికి ఇంకా తక్కువ.

ఎంత పనిచేస్తుంది? మా మనవడు సెల్ ఫోనులో శబ్దం కొలిచే ఏర్పాటు ఒకటి పెట్టి, ముప్పై అడుగుల దూరాన నిలబడి కొలిచాడు. ఉత్త గొంతుకూ, బూరాతోనూ తొమ్మిది, పది డెసిబెళ్ళ తేడా వచ్చింది. బయలులో దూరం రెట్టింపైతే ఆరు డెసిబెళ్ళు తగ్గుతాయి, అంటే పది పెరిగితే దాదాపు మూడింతల దూరం. గాలి లేని సాయంత్రం మైపాడు ఇసుకలో నడిచి చూశాము, లెక్క ఇంచుమించు సరిపోయింది. అలల హోరులో మాత్రం అంత రాలేదు. ఎదుటివైపుకే బాగా పోతుంది గనుక తలను అటూ ఇటూ నెమ్మదిగా తిప్పుతూ ఒకే మాటను మళ్ళీ మళ్ళీ చెప్పాలి.

ఇంకొక సంగతి, మగవాళ్ళు ఏమీ అనుకోకూడదు. నాకన్న మా ఇంటిదాని మాట ఎక్కువ దూరం తెలిసింది. నేను ఆశ్చర్యపడ్డాను, ఆమె పడలేదు. ఆడవారి గొంతు సెకనుకు రెండు వందల కదలికల ప్రాంతంలో ఉంటుంది, మగవారిది నూరు, నూటయాభై మధ్య. ఈ కొలత బూరా సన్న గొంతుకే ఎక్కువ సాయపడుతుంది. నెత్తిన చేపల గంప పెట్టుకొని వీధి ఈ కొసన కేకేస్తే ఆ కొసకు వినిపించే మన అక్కలు ఉండగా, ఇన్నాళ్ళూ మన ఆఫీసుల వాళ్ళు దండోరాకు మగవాళ్ళనే ఎందుకు పంపారో నాకిప్పుడు అర్థం కావడం లేదు.

చెప్పే మాటలు కూడా ముందే తేల్చుకోవాలి. "వాతావరణ కేంద్రం హెచ్చరిక మేరకు ప్రజలందరూ సురక్షిత ప్రాంతాలకు" అని నేను రాసుకొని చదివిన కాగితం ఎవరికీ చేరలేదు. "గాలివాన! బడికి రండి! ఇప్పుడే!" అంటే చేరింది. మాటకూ మాటకూ మధ్య రెండు అంకెలు లెక్కపెట్టేంత ఆగాలి. అవతలివాళ్ళు చెయ్యెత్తితే సరిపోదు. విన్నవాళ్ళు ఏం చెయ్యాలో కూడా చెప్పి, వాళ్ళు అది చేసిందాకా చూడాలి. మూట నెత్తికెత్తుకొని కదిలితేనే విన్నట్టు. కాలువ గట్టున నాకు తెలియని ముక్క ఇది.

మరి ఈ రోజుల్లో ఇది ఎందుకని యువకులు అడుగుతారు. న్యాయమే. 2011 తర్వాత జాతీయ తుపాను ప్రమాద నివారణ ప్రాజెక్టు కింద మన తీరానికి షెల్టర్లు, రోడ్లు, హెచ్చరిక పరికరాలు వచ్చాయి. ఫోనుకు మెసేజీలు వస్తున్నాయి, ఫోను దానంతటదే కూత పెట్టి హెచ్చరించే పద్ధతి కూడా వచ్చింది. బ్యాటరీ మైకులు దొరుకుతాయి, అవి దీనికన్న గట్టివి, కొనగలిగినవారు తప్పక కొనండి. కాని వాటిలో సెల్సు తీసి దాచకపోతే కారిపోయి, కావలసిన రోజున పచ్చ చిలుము కనిపిస్తుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటినప్పుడు మన జిల్లాలోనూ గాలివానలు అందరం చూశాము. మా వీధిలో కరెంటు పోయాక ఒక్కొక్క ఫోనూ ఒరిగిపోయింది. ఆ రాత్రి బూరా వాడే అవసరం రాలేదు. తలుపు వెనక ఉందన్న ధైర్యం మాత్రం ఉండింది.

అన్నట్టు దీనికి ఇంకొక వాడకం ఉంది. తిప్పి పట్టుకొని గ్లాసు వైపు చెవికి ఆనిస్తే దూరపు మాట దగ్గరగా వినిపిస్తుంది. వెనకటికి చెవుడున్న దొరలు ఇట్టాంటివే పెట్టుకొనేవారు. మన సంఘంలో సగం మందికి దీంతోనే ఎక్కువ పని పడుతుందేమో! వేదిక మీద డి.ఏ. ప్రకటన వచ్చినప్పుడు మాత్రం ఎవరికీ అక్కర్లేదు, అది అందరికీ వినిపిస్తుంది.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. నేను ఇప్పటికి అయిదు బూరాలు చేశాను. మూడు తీరంలో తెలిసినవాళ్ళ ఇళ్ళలో ఉన్నాయి. నాలుగోది ఆ కాలువ అవతలికి వెళ్ళింది. ఇప్పుడు అక్కడ గుడిసెలు లేవు, పక్కా ఇళ్ళు, వంతెన కూడా ఉంది. అయినా ఇచ్చి వచ్చాను. తీసుకున్న అబ్బాయికి కారణం చెప్పలేదు. అయిదోది ఇదిగో, సంఘం ఆఫీసులో తలుపు వెనక మేకుకు తగిలించి పోతాను. గరాటుగా పనికిరాదని కూడా చూసుకున్నాను, రేకల సందుల్లోంచి కారుతుంది.

వచ్చే నెల రెండో ఆదివారం లైఫ్ సర్టిఫికెట్ల సందేహాల సమావేశం అయ్యాక, ఇష్టమున్నవారు ఉండిపోతే కోసి కుట్టడం చూపిస్తాను. సన్‌ప్యాక్ షీట్లు నా దగ్గర ఉన్నాయి. పాత సైకిలు ట్యూబు ఉన్నవారు తీసుకురండి. దబ్బనం మాత్రం ఎవరిది వారు తెచ్చుకోవాలి, నా దగ్గర ఒక్కటే ఉంది.